ఎవరూ కొనని కట్టెల ధర

ధర అడిగి, తల ఊపి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయే మనిషిని బజారులో ఎవరూ లెక్కచేయరు. నేను ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. దానికి జీతం ఇచ్చారు, ఇప్పుడు పింఛను కూడా ఇస్తున్నారు. గణాంకాల శాఖలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీరు ఫోనులో టకటకా నొక్కి పంపే అంకెల వెనక ఒకప్పుడు ఒక సైకిలు, ఒక గుడ్డసంచి, ఒక వెర్రిబాగులవాడు ఉండేవాళ్ళు. ఆ మూడోది నేను.

మా పని వినడానికి తేలిక. కార్మికుడి కుటుంబం ఏం తింటుంది, ఏం కట్టుకుంటుంది, పొయ్యిలో ఏం పెడుతుంది అని ఎప్పుడో ఒకసారి అడిగి, పై ఆఫీసువాళ్ళు ఒక జాబితా తయారు చేసి పెట్టారు. వారానికోసారి, అదే రోజున, అదే దుకాణానికి పోయి, అదే రకం సరుకు ధర అడిగి రాసుకోవాలి. ఆదోనిలో మంగళవారం, ఎమ్మిగనూరులో శుక్రవారం. ఆ ధరలన్నీ కర్నూలు మీదుగా హైదరాబాదు పోయి, అక్కడ కలిసి ఒక్క అంకె అయ్యేవి. ఆదోని అంకె పెరిగితే ఆదోని మిల్లు కూలీలకు కరువు భత్యం పెరుగుతుంది. పెరగకపోతే లేదు. అంటే అంతమంది జీతం నా గుడ్డసంచిలో, సైకిలు హ్యాండిలుకు వేలాడుతూ, గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పోయేదన్నమాట. ఆ సంగతి తలచుకుంటే అప్పట్లో గర్వంగా ఉండేది. భయం వేయాల్సింది, వేయలేదు.

ఇది డెబ్బైల చివరి మాట. నాకప్పటికి పెళ్ళి కాలేదు. మా నాయన మంత్రాలయం పక్క పల్లెలో బడిపంతులు. కొడుకు బజారు తిరిగి ధరలు అడుగుతాడని చెప్పుకోలేక, "మావాడు గవర్మెంటులో లెక్కలు చేస్తాడు" అనేవాడు. నేను ఆదోనిలో మిల్లుల వెనక వీధిలో ఒక గది బాడుగకు తీసుకుని, పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం, రాత్రి హోటలు భోజనంతో కాలం గడిపేవాణ్ణి. పొయ్యి ఎలా వెలిగిస్తారో నాకు తెలియదు. ఇంధనం ధరలు రాసే ఉద్యోగి అర్హత అది.

జాబితాలో ఇంధనం కింద ఉన్నవి రెండే. కిరసనాయిలు, కట్టెలు. కిరసనాయిలుకు రేషను షాపు ధరే రాయాలని రూలు. షాపులో నెలలో చాలా రోజులు కిరసనాయిలు ఉండేది కాదు, ధర మాత్రం బోర్డు మీద ఉండేది. లేని సరుకు ధర పెరగదు కదా. నా కాగితంలో ఆ గడి ఏళ్ళ తరబడి కదలకుండా ఉండేది. పక్క సందులో డబ్బాతో అమ్మే మనిషి దగ్గర ధర వేరే. కానీ అది దొంగబజారు, దొంగను ధర అడిగి రాయడం మా శాఖ మర్యాదకు భంగం.

కట్టెల కథ అంతకంటే ఘనమైనది. "తుమ్మకట్టె, ఎండినది, చీల్చినది, మధ్యరకం" అని జాబితా. ఆదోనిలో ఆ ధర అడగవలసిన చోటు ఒక సాయిబు గారి డిపో. ఒకప్పుడు నిజంగానే కట్టెల డిపో. నేను వచ్చేనాటికి ముందర సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి అయిపోయింది. వెనక ఆవరణలో, మట్టిగోడకు ఆనించి, మనిషెత్తు తుమ్మకట్టెల కుప్ప ఒకటి మిగిలింది. నేను మంగళవారం మంగళవారం పోయి ఒక కట్టెను చేత్తో తట్టి, మధ్యరకమేనని నిర్ధారించుకునేవాణ్ణి.

"కట్టెలెట్లా భాయ్, మణుగు?"

"పోయిన వారం రేటే సార్."

రాసుకునేవాణ్ణి. ఛాయ్ తెప్పించేవాడు, తాగేవాణ్ణి. ఇలా ఏళ్ళు గడిచాయి. ఆ కుప్పలో ఒక పిల్లి మూడు కాన్పులు చేసుకుంది. ఏదో తీగ పుట్టి, అల్లుకుని, పూసి, ఎండిపోయింది. ఒక్క కట్టె కదల్లేదు, ఒక్క పైసా కదల్లేదు. చివరికి నాకే అనుమానం వచ్చి అడిగాను.

"ఇవి అమ్మవా భాయ్?"

"అమ్మితే గోడ పడతాది సార్."

విషయమేమిటంటే, గోడకు అవతల నూనె మిల్లు ఆవరణ. బుడ్డలు, అంటే వేరుశెనగ కాయలు, ఆడించగా వచ్చిన పొట్టంతా మిల్లువాళ్ళు ఆ గోడకే కుప్ప పోసేవాళ్ళు. "ఆ పక్కనుంచి పొట్టు నూకుతాంది, ఈ పక్కనుంచి కట్టెలు ఆపుతాండాయి. నడుమ గోడ బతుకుతాంది" అన్నాడు సాయిబు.

"మరి ధర ఎందుకు చెబుతున్నావు?"

"మీరు అడుగుతాండారు గదా సార్. అడిగినోనికి సెప్పకుంటే బాగుంటాదా?"

ఆయన తప్పేమీ లేదు. మర్యాదస్తుడు.

నా గదికి ఎదురింట్లో జిన్నింగు మిల్లులో పనిచేసే ఒకామె ఉండేది. వీధంతా అక్కా అని పిలిచేవాళ్ళు, నేనూ అంతే. భర్త పోయాడు. ఇద్దరు పిల్లలు, ఒక అత్త. అత్తకు ఒక్క పన్ను లేదు గానీ నోరు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. వాళ్ళింట్లో, ఆ మాటకొస్తే ఆ వీధిలో అందరిళ్ళలో, పొట్టు పొయ్యి. ఒక డబ్బా తీసుకుని, మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా పైకి లాగేస్తే బొక్క పడుతుంది. కింద నుంచి నిప్పు పెడితే ఒక పూట వంటకు సరిపోతుంది. మొదట్లో ఆ పొట్టు ఊరికే వచ్చేదట. తీసుకుపోతే చాలని మిల్లువాళ్ళే బతిమాలేవాళ్ళట. తర్వాత చమురు ధరలు మండిపోయి, ఇటుక బట్టీలవాళ్ళు, బాయిలర్లవాళ్ళు పొట్టు కోసం లారీలు పంపడం మొదలుపెట్టారు. మిల్లువాళ్ళకు కళ్ళు తెరుచుకున్నాయి. సంచికింత అని ధర పెట్టారు. ఏడాదికేడాది పెంచారు.

పొట్టు కరువై, అక్క ఆదివారం ఒక్కరోజే పొయ్యి వెలిగించి వారానికంతా జొన్నరొట్టెలు చేసి ఎండబెట్టేది. ఆ ఎండు రొట్టెలు పిల్లలు కరకరా నమిలేవాళ్ళు. అత్త నీళ్ళలో నానబెట్టుకుని, నానేదాకా కోడలిని తిట్టేది.

ఒక మంగళవారం సాయంత్రం నేను అరుగు మీద కాగితాలు నింపుతుంటే అక్క వచ్చి నిలబడింది.

"వారం వారం ఏం రాస్తాండారు సార్?"

చెప్పాను. మీ భత్యం పెరిగేదీ పెరగనిదీ దీన్ని బట్టేనని కాస్త ఛాతీ విరిచి మరీ చెప్పాను.

"అయితే మా పొట్టు రేటు రాసినారా?"

"అది జాబితాలో లేదక్కా."

"మరేముండాది?"

"తుమ్మకట్టెలు."

ఆమె ఇంటివైపు తిరిగి కేకేసింది. "అత్తా, మనం కాల్చేది తుమ్మకట్టెలంట. గవర్మెంటోళ్ళు రాసుకున్నారు."

"యాడుండాయే?" అని లోపలినుంచి జవాబు. "ఉంటే నాలుగు తీస్కరా, నీ నెత్తిన బెట్టనీకి."

అక్క నవ్వింది. నవ్వి, నావైపు చూసి, నెమ్మదిగా అడిగింది. "మార్చి రాయనీకి కాదా సార్? పొట్టు రేటు వాళ్ళకు తెలిస్తే ఒక రూపాయో రెండ్రూపాయలో పెరుగుతాది గదా. వారానికి ఇంగో సంచి కొంటే ముసల్దానికి మెత్తని రొట్టె పెడతా."

"రూలు లేదక్కా" అన్నాను.

రూలు ఉంది. జనం ఒక సరుకు వాడటం మానేస్తే దాని బదులు వాడుతున్న సరుకును చేర్చమని కోరవచ్చు. దానికొక ఫారం. నాలుగు కాగితాలు. నేను ఎందుకు నింపలేదంటే అంతకుముందు ఒకసారి నింపాను కాబట్టి. లాంతరు గ్లాసులో జాబితా సైజు దొరకడం లేదని, బజారులో ఉన్న సైజు రాస్తానని అడిగాను. ఏడాది పాటు ఉత్తరాలు. నమూనా పంపమన్నారు, పంపాను. దారిలో పగిలింది. పగిలిన గ్లాసు ఏ సైజో తేలడం లేదు, వివరించండి అన్నారు. ఇంకోటి పంపాను. మొదటిది ఎందుకు పగిలిందో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆఖరుకు పాత సైజే కొనసాగించమన్నారు. ఆనాడే చెవులు పట్టుకుని గుంజీలు తీసినంత పని చేసి, ఇంకెప్పుడూ ఆ ఫారం జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పోయిన వారం రేటే రాసేవాడికి సంజాయిషీ అడిగేవాడు లేడు.

అడిగేవాడు లేకపోవడమే కాదు, మెచ్చుకునేవాడు ఉన్నాడు. కర్నూలులో మా జిల్లా అధికారి గోడకు ఒక గ్రాఫు తగిలించాడు. అందులో ఆదోని ఇంధనం గీత స్కేలుతో గీసినట్టు తిన్నగా ఉండేది. ఎమ్మిగనూరు గీత కొండెక్కేది. ఎందుకంటే ఎమ్మిగనూరులో నిజంగా కట్టెలు అమ్మే డిపో ఉంది. నూలుకు రంగులద్దే వాళ్ళు నీళ్ళు మరిగించడానికి నిజంగా కట్టెలు కొనేవాళ్ళు. ధర నిజంగా పెరిగేది. "ఆదోని చూసి నేర్చుకోవయ్యా" అని అధికారి నాతోనే అనేవాడు. రెండు ఊళ్ళకూ రాసేది నేనే అని ఆయనకు గుర్తుండేది కాదు.

అలా అయిదేళ్ళు గడిచాయి. దేశమంతా ఇంధనం ధరలు మండుతుంటే ఆదోనిలో ఎందుకు చల్లగా ఉన్నాయో చూడాలని హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆర్థికశాస్త్రం సారు బయలుదేరాడు. మంచి మనిషి. తెల్లటి బట్టలు, దళసరి కళ్ళద్దాలు, ఏది చూసినా ఆశ్చర్యం. ఆయన వస్తున్నాడని తెలిసి మా అధికారి కొత్త బూట్లు కొన్నాడు. నేను ముందురోజే సాయిబు దగ్గరికి పోయాను.

"రేపు పెద్దసారు వస్తాడు భాయ్. అడిగితే పోయిన వారం రేటే అని చెప్పు."

"ఇన్నేండ్లు ఇంగేం సెప్తాండా సార్" అన్నాడు.

మర్నాడు ఉదయం ఎమ్మిగనూరు డిపో చూసి, మధ్యాహ్నం జీపులో ఆదోనికి వస్తున్నాం. పెద్దసారు ముందు కూర్చున్నాడు. ఆయనను ఒక ప్రశ్న తొలుస్తోంది.

"రెండు ఊళ్ళ మధ్య ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ కట్టె ధర ఇక్కడికి రెట్టింపు. ఆదోనిలో కొని ఎమ్మిగనూరులో అమ్మితే చేతినిండా లాభం. మీ వ్యాపారులకు ఆ మాత్రం తెలివి లేదా?"

ఆదోని వ్యాపారులకు తెలివి లేదా అని అడిగిన మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను. పత్తి మార్కెట్లో తువ్వాలు కింద చేతులు పెట్టి, పక్కవాడికి తెలియకుండా వేళ్ళతో బేరం తెంచుకునే ఊరది.

"రోడ్డు బాగాలేదు సార్" అన్నాడు మా అధికారి. జీపు సరిగ్గా అప్పుడే ఒక గుంతలో పడి ఆయన మాటకు వంత పాడింది. పెద్దసారు "రవాణా లోపం" అని పుస్తకంలో రాసుకున్నాడు.

డిపో దగ్గర సాయిబు తుప్పుపట్టిన కాటా తుడిచి, కుప్ప మీద బూజు దులిపి, శుభ్రమైన టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జీపు చూసి జనం గుమిగూడారు. మిల్లు షిఫ్టు అప్పుడే దిగింది, ఆడవాళ్ళు ఇళ్ళకు పోతూ ఆగారు. వాళ్ళలో అక్క ఉంది.

పెద్దసారు ఒక కట్టె తీసి, వాసన చూసి, వేలితో మోగించాడు. "మంచి కట్టె. మణుగు ఎంతయ్యా?"

"పోయిన వారం రేటే సార్."

"పోయిన వారం ఎంత?"

సాయిబు నోరు తెరిచాడు. మూశాడు. టోపీ సర్దుకున్నాడు. ఇన్నేళ్ళుగా పోయిన వారం రేటే అని చెప్పీ చెప్పీ ఆయన అసలు రేటు మర్చిపోయాడు. నావైపు దీనంగా చూశాడు. నేను సంచిలోనుంచి పుస్తకం తీసి, చదివి చెప్పాను.

"ఆ, అదే సార్" అన్నాడు సాయిబు. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. అంత తక్కువని ఆయనకూ తెలియదు.

"ఈ ధరకు జనం కొంటున్నారా?"

"ఎగబడి కొంటారు సార్" అన్నాడు మా అధికారి.

అప్పుడు వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "ఆ రేటుకు మాకు ఇస్తారా సార్?"

పెద్దసారు మురిసిపోయాడు. పరిశోధనకు వచ్చిన చోట వినియోగదారు తనంతట తాను మాట్లాడటం ఎప్పుడూ జరగదు. "తప్పకుండా ఇస్తాడమ్మా. ఇది ప్రభుత్వ రికార్డులో ఉన్న ధర. ఏమయ్యా?"

సాయిబు ఏమంటాడు. అక్క కొంగుముడి విప్పింది. "అయితే రెండు మణుగులు తూకమెయ్యి అప్పా." అని, వెనక్కి తిరిగి చెప్పింది, "వదినా, వీధిలో సెప్పు పో. సంచులు తెమ్మను."

నాకు ఆ సంగతి చాలాసేపు అర్థం కాలేదు. ఆమెకు ఆ కాగితం ధర అబద్ధమని తెలుసు. అయిదేళ్ళుగా తెలుసు. అబద్ధమని అరిచి లాభం లేదని కూడా తెలుసు. అందుకని ఆ ధరను నిజమని ఒప్పుకుని, డబ్బు చేతిలో పెట్టింది.

పావుగంటలో వీధంతా డిపోలో ఉంది. గోనెసంచులు, చీరె కొంగులు, ఒకావిడ ఊయల గుడ్డ కూడా తెచ్చింది. సాయిబు తూచి తూచి అలసిపోతున్నాడు. కుప్ప నడుముదాకా దిగింది. మోకాలిదాకా దిగింది. తల్లిపిల్లి పిల్లలను ఒక్కొక్కటే నోట కరుచుకుని సైకిళ్ళ అంగట్లోకి మకాం మార్చింది. ఆ ఆవరణలో ముందుచూపు ఉన్నది దానికి ఒక్కదానికే.

"సార్, గోడ" అన్నాడు సాయిబు నాతో.

"సార్, గోడ" అన్నాను మా అధికారితో.

"గోడకేమయ్యా, నిలబడే ఉందిగా" అన్నాడు ఆయన పళ్ళ సందునుంచి.

పెద్దసారు గోడకు పక్కనే నిలబడి, చేతులు కట్టుకుని, పెళ్ళి చూస్తున్నంత ఆనందంగా చూస్తున్నాడు. "చూశారా, ధర తక్కువగా ఉంటే గిరాకీ ఎలా ఉంటుందో. పుస్తకంలో చదవడం వేరు, కళ్ళారా చూడటం వేరు."

అక్క వంగి ఆఖరి కట్టెలు రెండు తీసింది. గోడ కాస్త నిట్టూర్చినట్టు చప్పుడైంది. పాతకాలపు మట్టిగోడ కదా, దబ్బున పడలేదు. ముందు పొట్ట ఉబ్బింది, తర్వాత నెమ్మదిగా కూర్చుంది. దాని మీదనుంచి అవతలి పొట్టు జలజలా దిగి, ఆవరణంతా నిండి, పెద్దసారును చుట్టుముట్టి, ఆయన నడుముదాకా వచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన కళ్ళద్దాల మీద, జుట్టులో, పుస్తకంలో అంతా పొట్టు. కదలడానికి భయపడి బొమ్మలా నిలబడిపోయాడు.

అక్క ఒక్కతే చంకలో కట్టెలతో ముందుకు వచ్చింది.

"సార్, మేం కాల్చేది అది. మీరు నిలబడుకోనుండారే, అది."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది జాబితాలో ఉందా?"

"లేదు సార్" అన్నాను.

"ఊరంతా ఇదే కాలుస్తుంటే ఎందుకు లేదు?"

ఆయన మా అధికారిని చూశాడు. అధికారి నన్ను చూశాడు. నేను సాయిబును చూశాను. సాయిబు గోడను చూద్దామని తిరిగాడు, గోడ లేదు.

ఇంతలో మిల్లు వాచ్‌మన్ అటునుంచి వచ్చి, "మా పొట్టు ఎవురూ ముట్టొద్దు" అన్నాడు. "మీ పొట్టు మా గోడ పడగొట్టింది, ముందు గోడ కట్టు" అని సాయిబు తగులుకున్నాడు. ఆ తగవు ఎటూ తేలకముందే ఆడవాళ్ళు దొరికినంత ఒడిలో నింపుకుని పోయారు. మా అధికారి కొత్త బూట్లతో పొట్టులోకి దిగి, పెద్దసారును చెయ్యి పట్టి బయటికి నడిపించాడు. ఆ రాత్రి వీధిలో ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగింది. అత్త తిట్లు వినిపించకపోతే నాకు కంగారు పుట్టి పోయి చూశాను. వేడి రొట్టె పాలలో తుంచుకుని తింటోంది.

పెద్దసారు నిజంగా మంచి మనిషి. హైదరాబాదు పోతూనే ఉత్తరం రాయించాడు. మా అధికారి నన్ను పిలిచి, ఫారం ఎందుకు నింపలేదని అడగనే లేదు, అడిగితే ఆయన గ్రాఫు కూడా బయటికొస్తుంది. "ఇవాళే నింపు" అన్నాడు అంతే. నింపాను. నాలుగు కాగితాలు, ఒక మధ్యాహ్నం. ఏ నమూనా అడగలేదు. నెల తిరక్కుండా బుడ్డల పొట్టు జాబితాలోకి ఎక్కింది. వీధిలో నాకు బొరుగులు, బజ్జీలు, టీ. ఒకాయన నా మెడలో పూలదండ వేశాడు. వేయించుకున్నాను కూడా, సిగ్గులేకుండా. అలవాటు ప్రకారం ఆ మంగళవారం కూడా సాయిబు దగ్గరికి పోయి కట్టెలెట్లా భాయ్ అన్నాను. కట్టెలూ లేవు, గోడా లేదు. "పోయిన వారం రేటే సార్" అన్నాడు.

నెల జీతం వచ్చింది. భత్యం పెరగలేదు.

అక్క వచ్చి అడిగింది. నాకూ అర్థం కాక కర్నూలు పోయి కనుక్కున్నాను. కొత్త సరుకును చేర్చినప్పుడు, పాత సరుకు ఆఖరి ధర దగ్గర కొత్త సరుకు మొదటి ధరను అతికిస్తారట. ఆనాటినుంచి పెరిగితే పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు. అంతకుముందు ఎంత పెరిగిందన్నది ఏ గడిలోనూ పడదు. తిరిగొచ్చి అదే చెప్పాను.

"అంటే లెక్క ఈ నెలనుంచా సార్?"

"అవునక్కా."

"నిన్నటిదాకా మేం కాల్చిందంతా?"

వచ్చే ఏడు పెరుగుతుంది కదా, అప్పుడు చూద్దాం అన్నాను.

వచ్చే ఏడు దాకా ఆగనక్కర లేకపోయింది. కొత్త బుడ్డల పంట మార్కెట్టుకు వచ్చింది. మిల్లులు రాత్రింబగళ్ళు ఆడాయి, పొట్టు కుప్పలు పడింది, సంచి ధర కొంచెం దిగింది. ఏటా ఆ కాలంలో దిగేదే, మళ్ళీ ఎండాకాలానికి ఎక్కేదే. నేను మంగళవారం అక్కనే అడిగి, నిజాయితీగా, ఆదోని ఇంధనం గడిలో ఇన్నేళ్ళకు నిజమైన ధర రాసి పంపాను. అంకె తగ్గింది. మిల్లు కూలీల భత్యం కొంచెం కోశారు.

అక్క ఈసారి ఒక్కతే రాలేదు. వీధి ఆడవాళ్ళు పదిమంది, చేతిలో ఒక అర్జీ. పిల్లవాడి బడిపుస్తకంలో చించిన కాగితం మీద రాయించి, కింద వేలిముద్రలు వేశారు. మా పొట్టును దయచేసి జాబితానుంచి తీసివేసి, ఎప్పటిమాదిరి తుమ్మకట్టెలే మేము కాల్చుతున్నట్లు రాసుకోవలసిందిగా ప్రార్థన.

నవ్వు వచ్చింది నాకు. నవ్వుతూనే చదివాను, చదివి మడిచి సంచిలో పెట్టాను. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. అక్క మాత్రం పొట్టు సంచి కిందపెట్టి అరుగు మీద కూర్చుంది.

"మీరేం జేస్తారు లే సార్. మీ సేతిలో ఏముండాది. మీరు మంచోరు కాబట్టి ఇంత మటుకన్నా ఎక్కిచ్చినారు."

ఆ మాట అనకుండా ఉంటే నేను జీవితాంతం నోరు మూసుకునేవాణ్ణేమో. మంచోరు అన్నది.

"లేదక్కా" అన్నాను. "నువ్వు మొదటిసారి అడిగినప్పుడే రూలు ఉంది. అప్పుడు పొట్టు ధర ఇప్పటికంటే చాలా తక్కువ. అప్పుడే ఎక్కించి ఉంటే ఈ అయిదేళ్ళు పెరిగిందంతా మీ జీతంలోకి వచ్చేది. నేనే రాయలేదు. ఫారం నింపడానికి బద్ధకించాను."

తిడుతుందనుకున్నాను, అత్తను పిలుస్తుందనుకున్నాను. నిజానికి తిడితే బాగుండుననే అనుకున్నాను.

"ఎంత పెద్ద ఫారం సార్?"

"నాలుగు కాగితాలు."

"నాలుగే కాగితాలా" అంది. సంచి నెత్తికెత్తుకుని ఇంట్లోకి పోయింది.

ఆ వీధిలో ఇంకో రెండేళ్ళు ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే మాట్లాడేది, పండగకు ఏదో ఒకటి పంపేది. పొట్టు ధర మాత్రం నేను ఆమెను మళ్ళీ అడగలేదు. మంగళవారం వస్తే వీధి చివరిదాకా పోయి, అక్కడెవరినో అడిగి రాసుకునేవాణ్ణి.